సీసాలో వగరు మందు

ఈ వారం ఒక కోడలు వ్రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను. వారిది గుడివాడ పక్క పల్లెటూరు. అత్తగారికి 58 ఏళ్ళు. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడుతోందట. మూలశంక అని ఇంట్లోనే నిశ్చయించుకొని, ఎవరో చెప్పగా హోమియో షాపు నుంచి హమామెలిస్ అనే మందు తెప్పించుకొని, ఉదయం పది చుక్కలు, రాత్రి పది చుక్కలు నీళ్ళలో వేసుకొని తాగుతున్నారట.

"పది రోజులు తగ్గుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఇది మూడో సీసా. డాక్టరుకు చూపించుకొందాం రండి అత్తయ్యగారూ అంటే, ఆ చోటు చూపించుకొనేకంటే చావడం నయం అంటున్నారు. అసలీ హమామెలిస్ అంటే ఏమిటండీ? చెట్టా, రసాయనమా? మన వైపు దొరుకుతుందా? ఎంతకాలం వాడవచ్చు?" ఇదీ ఉత్తరం.

అమ్మా, మీరు అడిగిన నాలుగు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. మీరు అడగని అయిదో ప్రశ్న ఒకటి ఉంది. దాని సంగతి తరవాత.

హమామెలిస్ చెట్టు పేరే. ఇంగ్లీషులో విచ్ హేజెల్ అంటారు. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, కెనడా సరిహద్దు దగ్గర్నుంచి ఫ్లోరిడా దాకా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే గుబురు పొద. మనిషికి రెండింతలు, మూడింతలు ఎత్తు పెరుగుతుంది. మొదట్లోనే నాలుగైదు కొమ్మలుగా చీలిపోయి, వంకరటింకరగా ఉంటుంది. ఆకు వెడల్పుగా, అంచున గండ్లు గండ్లుగా ఉంటుంది. కాడ దగ్గర ఒక పక్క పైకీ, ఒక పక్క కిందికీ దిగి వంకరగా ఉంటుంది.

దీని విశేషమంతా పువ్వులో ఉంది. లోకంలో చెట్లన్నీ ఆకు రాల్చి నిద్రపోయే వేళ, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో, ఇది పూస్తుంది. పసుపు కాగితాన్ని సన్నగా కత్తిరించి నలిపినట్లు ఒక్కొక్క పువ్వుకు నాలుగు రేకులు. అప్పటికి నిరుటి పువ్వుల కాయలు ఇంకా కొమ్మ మీదే ఉంటాయి. పువ్వూ కాయా కలిసి ఉండేది అన్న అర్థంలోనే గ్రీకు మాటల నుంచి హమామెలిస్ అన్న పేరు పెట్టారు. ఆ కాయ ఎండి పగిలినప్పుడు టప్‌మని చప్పుడు చేసి, లోపలి రెండు నల్ల గింజల్ని ముప్ఫై అడుగుల దాకా విసురుతుంది. మన పిల్లలు ఉమ్మి తడిచేసి పేల్చే చిటపట కాయలున్నాయే, అదే తమాషా, కాస్త పెద్ద ఎత్తున.

విచ్ అంటే మంత్రగత్తె గదా అని మీరు అడగవచ్చు. ఇక్కడ ఆ అర్థం కాదు. పాత ఇంగ్లీషులో వంగేది, విరగకుండా సాగేది అన్న అర్థమున్న మాట ఒకటుండేది. అదే ఇలా మిగిలింది. మన మెట్ట ప్రాంతాల్లో వేప పంగల కర్ర పట్టుకొని బావికి నీటి జాడ చూసేవాళ్ళు ఉన్నట్లే, అక్కడ ఈ చెట్టు పంగల కర్రతో నీళ్ళు చూసేవాళ్ళు. కృష్ణ కాలవల మధ్య పుట్టిన మనకు ఆ అవసరం రాలేదు గనుక ఆ విద్య నిజానిజాల జోలికి నేను పోను.

మన వైపు దొరుకుతుందా అంటే, దొరకదు. దానికి చలికాలం అంటే నిజమైన చలికాలం కావాలి. ఉయ్యూరులో డిసెంబరులో మనం కప్పుకొనే దుప్పటి దానికి చాలదు. కాశ్మీరు కొండల్లో దాని దూరపు చుట్టం ఒకటి ఉంది. దాని కొమ్మలతో అక్కడివాళ్ళు బుట్టలు అల్లుతారు.

మరి అంత దూరపు చెట్టు మన గుడివాడ దాకా ఎలా వచ్చిందంటే, రెండు దారుల్లో వచ్చింది. మొదటి దారి మీకు సరదాగా ఉంటుంది. అమెరికా ఆదివాసులు ఈ చెట్టు కొమ్మలూ బెరడూ మరిగించి, ఆ నీళ్ళు వాపులకూ, గాయాలకూ వాడేవాళ్ళు. న్యూయార్క్ రాష్ట్రంలో థెరాన్ పాండ్ అనే ఆయన 1846లో దీని సారం సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాడు. పాండ్ అన్న పేరు వినగానే మీకు ఏమి గుర్తువచ్చింది? అదే! మన అమ్మలూ అమ్మమ్మలూ పెళ్ళికి వెళ్ళేముందు రాసుకొన్న పాండ్స్ స్నో ఆ కంపెనీదే. ముఖానికి క్రీములు అమ్మకముందు వాళ్ళ మొదటి సరుకు విచ్ హేజెల్ సారమే.

రెండో దారి హోమియో. పాండ్ సీసా పేరు మోగిన తరవాత అమెరికాలోని హోమియో వైద్యులు దీన్ని తమ మందుల పెట్టెలో చేర్చుకొన్నారు. ముదురు రంగు రక్తం కారడానికీ, ఉబ్బిన సిరలకూ, మొలలకూ వాళ్ళు దీన్ని చెప్పారు. హోమియో మన కృష్ణా జిల్లాకు కొత్త కాదు. గుడివాడలో 1945లోనే హోమియో వైద్య కళాశాల మొదలైంది. డాక్టర్ గురురాజు గారి పేరు మీద ఈనాడు అది ప్రభుత్వ కళాశాల. అంచేత మందు షాపులో అమ్మే కుర్రాడి దగ్గర్నుంచి అరుగు మీద కూర్చొన్న పెద్దాయన దాకా హమామెలిస్, నక్స్ వామికా, ఆర్నికా అన్న పేర్లు మన వైపు నోటికి వచ్చి ఉంటాయి.

ఇప్పుడు ఈ చెట్టులో ఏముందో చూద్దాం. దీని బెరడులోనూ ఆకులోనూ ఉన్న ముఖ్యమైన సరుకు టానిన్. ఆ పేరు తెలియకపోయినా దాని రుచి మీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దాని పేరు వగరు. పచ్చి జామకాయ కొరికినప్పుడు, నేరేడుపండు తిన్నప్పుడు, అరటికాయ తరిగినప్పుడు చేతికి అంటుకొనేదీ, ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చేదీ అదే. నాలుక బిగుసుకుపోయినట్లు, లోపల ఎవరో నూలు గుడ్డతో తుడిచినట్లు అవుతుంది గదా? అది ఊరికే అనిపించడం కాదు, నిజంగానే జరుగుతుంది. టానిన్ తగిలిన చోట పైపొరలోని మాంసకృత్తుల్ని గడ్డకట్టించి బిగిస్తుంది. చిన్న చిన్న రక్తనాళాల మూతులు ముడుచుకొంటాయి, చెమ్మ తగ్గుతుంది, మంట తగ్గుతుంది. తంగేడు చెక్కతో తోళ్ళు ఊనేవాళ్ళు చేసే పని కూడా ఇదే; కాకపోతే వాళ్ళు తోలుకు చేస్తారు, మనం పచ్చి చర్మానికి చేస్తాము.

మంగలి షాపులో గడ్డం గీసిన తరవాత పటిక బిళ్ళ రుద్దుతారు చూడండి, గాటు పడిన చోట రక్తం టక్కున ఆగుతుంది. పటికలో టానిన్ లేదు, అది ఖనిజం. కాని పని ఒకటే. అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ డాక్టరు చీటీ లేకుండా అమ్మదగిన చర్మపు వగరు మందుల పట్టీ ఒకటి తయారుచేసింది. అందులో విచ్ హేజెల్ పక్కనే పటికకు దగ్గరి బంధువైన అల్యూమినియం సల్ఫేటు పేరు ఉంది. మన మంగలి పెట్టెలోని బిళ్ళా, వాళ్ళ అద్దం ముందరి సీసా వరసకు అన్నదమ్ములన్నమాట.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒకే చెట్టు పేరుతో మూడు రకాల సరుకు అమ్ముతారు, మూడూ ఒకటి కాదు.

మొదటిది అమెరికాలో మందుల దుకాణాల్లో దొరికే విచ్ హేజెల్ నీళ్ళు. మన ఊళ్ళనుంచి వెళ్ళిన అమ్మాయిలు కాన్పు అయినప్పుడు అక్కడి ఆసుపత్రిలో ఈ నీళ్ళలో తడిపిన దూది బిళ్ళలు ఇస్తారు, కింద వాపుకూ మంటకూ పెట్టుకోమని. పురిటికి వెళ్ళిన తల్లులు వాటిని చూసి మనకూ తెచ్చిపెడుతున్నారు. ఇవి కొమ్మల్ని మరిగించి, ఆ ఆవిరిని చల్లబరిచి పట్టిన నీళ్ళు. సాధారణంగా వాటిలో నూటికి 14 పాళ్ళు ఆల్కహాలు కలుపుతారు. తమాషా ఏమిటంటే, వగరు ఆవిరిలో పైకి రాదు. నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడండి. టీ డికాషన్ మరిగేటప్పుడు గిన్నె మీద మూత పెట్టి, మూతకు పట్టిన నీటి చుక్క నాలుక మీద వేసుకోండి. టీ వాసన ఉంటుంది, వగరు ఉండదు. అలాగే ఈ నీళ్ళలో టానిన్ దాదాపు ఉండదు. ఆ చల్లదనంలో ఎక్కువ భాగం ఆల్కహాలు ఆరిపోయేటప్పుడు కలిగే చల్లదనమే. హాయిగా ఉంటుంది, కాదనను. పైపూతకు ఫరవాలేదు. పగిలి పచ్చిగా ఉన్న చోట మాత్రం చురుక్కుమంటుంది.

రెండోది మదర్ టింక్చర్. చెట్టు భాగాల్ని స్పిరిటులో నానబెట్టి తీసినది. దీనిలో వగరు ఉంటుంది, స్పిరిటూ ఉంటుంది. మీ అత్తగారు చుక్కలు చుక్కలుగా తాగేది బహుశా ఇదే. సీసా మీద చూడండి.

మూడోది అదే టింక్చరును ఒకటికి వంద పాళ్ళు పలచన చేసి, అందులో ఒకటి తీసి మళ్ళీ వంద పాళ్ళు పలచన చేసి, అలా ముప్ఫై సార్లు, రెండు వందల సార్లు చేసినది. లెక్క కట్టి చూస్తే పన్నెండో మెట్టు దాటేసరికి చెట్టు తాలూకు ఒక్క అణువైనా మిగిలే అవకాశం ఉండదు. నా హోమియో మిత్రులు ఇక్కడ నాతో ఒప్పుకోరు. ముప్ఫై ఏళ్ళుగా ఈ వాదన టీ తాగుతూ చేసుకొంటున్నాము, ఇద్దరమూ ఓడిపోలేదు. కాని ఒక్క విషయంలో వారిలో బాగా చదువుకొన్నవారూ నేనూ ఒకే మాట మీద ఉన్నాము. అది ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకు తెలుస్తుంది.

ఎంతకాలం వాడవచ్చు అన్నారు. పైపూతగా వారం, పది రోజులు ఏ వగరు మందు అయినా ఫరవాలేదు. ఆ మాటకు వస్తే అమెరికా చెట్టే కావాలని లేదు. మన పెద్దలు మర్రి, మేడి, రావి, జువ్వి బెరళ్ళ కషాయంతో కడుక్కోమన్నారు, అవన్నీ వగరే. మాచికాయ పొడిని నల్లమందుతో కలిపి చేసిన మొలల లేపనం ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ మందుల గ్రంథంలోనే ఉండేది. బెరడు కషాయం బాగా కాచి, వడబోసి, చల్లార్చి కడుక్కొంటే నాకు అభ్యంతరం లేదు. కాని పొడులు నూరి అక్కడ కూరడం, పటిక పెట్టడం, సున్నం కలిపిన పూతలు పూయడం చెయ్యకండి. పుండు పడుతుంది.

లోపలికి తాగడం వేరే సంగతి. వగరు నోట్లో చేసిన పనే కడుపులోనూ చేస్తుంది. ఎక్కువైతే కడుపులో వికారం, మలబద్ధకం. మొలలవాళ్ళకు మలబద్ధకం అంటే పుండు మీద కారమే గదా! అంతకంటే ముఖ్యం, టానిన్ తిండిలోని ఇనుమును పట్టుకొని ఒంటికి అందనివ్వదు. రక్తం పోతున్న మనిషికి ఇనుమే కావాలి. పది చుక్కల్లో ఎంత వగరు ఉంటుందిలెండి, దానికే భయపడనక్కర లేదు. కాని అదే మనిషి రోజుకు నాలుగుసార్లు చిక్కటి టీ తాగుతూ, ఆ టీతోనే ఐరన్ మాత్ర మింగుతుంటే ఆ మాత్ర దండగ. ఐరన్ మాత్రకూ టీకీ మధ్య రెండు గంటలన్నా ఎడం ఉండాలి. నిమ్మరసంతో వేసుకొంటే మరీ మంచిది.

మొలల గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. మొలలు కొత్తగా పుట్టే పుండ్లు కావు. మలద్వారం లోపల అందరికీ మెత్తటి రక్తనాళాల దిండ్లు ఉంటాయి, తలుపు సందు మూసే గుడ్డ పేలికలా. ముక్కీ ముక్కీ అవి ఉబ్బి కిందికి జారితే మొలలంటాము. లోపలి మొలలకు నొప్పి ఉండదు. మలం వచ్చిన తరవాత ఎర్రగా, తాజాగా, చుక్కలుగా రక్తం పడుతుంది. బ్లేడుతో కోసినట్లు నొప్పి ఉంటే అది మొల కాదు, చీలిక. చీలికకు మందు వేరు.

మన డెల్టావాళ్ళకు ఇవి ఎక్కువ ఎందుకంటారా అని చాలామంది అడుగుతారు. వేడి చేసిందంటారు, ఆవకాయ అంటారు. కారం తింటే బయటికి వచ్చేటప్పుడు మండుతుంది, అంతేగాని కారం మొలల్ని పుట్టించదు. అసలు దోషం పాలిష్ పట్టిన సన్నబియ్యానిది. కంచం నిండా తెల్లటి అన్నం, మధ్యలో గుప్పెడు కూర. పేగుకు తోసేందుకు పీచు ఉండాలి గదా! తోటకూర, గోంగూర, బీరకాయ, అరటి దూట, గింజలతో జామపండు, పొట్టు తీయని పప్పులు, ఇవి అన్నంతో సమానంగా పడాలి. రాత్రి పడుకోబోయే ముందు రెండు చెంచాల ఇస్బ్‌గోల్ పొట్టు నిండు గ్లాసు నీళ్ళతో. నీళ్ళు తక్కువైతే అది లోపల పిడచకట్టుకొని ఉన్నది కూడా బిగుస్తుంది, జాగ్రత్త. చెరకు సీజన్లో లారీలు నడిపేవాళ్ళు, బస్సు డ్రైవర్లు, స్కూలు పంతులమ్మలు వచ్చిన పిలుపును ఆపుకొంటారు, ఆపుకొన్నది గట్టిపడుతుంది. ఇప్పుడు కొత్తగా ఫోను చేత పట్టుకొని కమోడు మీద అరగంట కూర్చొనే జబ్బు వచ్చింది. అయిదు నిమిషాల్లో రానిది అరగంటకీ రాదు. లేచి వచ్చేయండి.

మంటకూ వాపుకూ నాకు తెలిసిన చౌక మందు గోరువెచ్చని నీళ్ళు. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పోసి, పిరుదులు మునిగేలా పది, పదిహేను నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు కూర్చోవాలి. అందులో ఏమీ కలపనక్కర లేదు. మందు లేకుండా ఎలా అని రోగులు చిన్నబుచ్చుకొంటారని కొంతమంది డాక్టర్లు ఏదో రంగు మందు వ్రాస్తారు. నేనూ వ్రాశాను, పాపం శమించుగాక.

తరవాత కూడా తగ్గకపోతే ఆసుపత్రిలో మొల మొదట్లో రబ్బరు ఉంగరం వేసి ఊడిపోయేలా చేస్తారు. కొద్ది నిమిషాల పని. బాగా జారినవాటికే ఆపరేషను. ఆపరేషను లేకుండా ఒక్క ఇంజక్షనుతో గ్యారంటీ అని బస్టాండు దగ్గర బోర్డు పెట్టినవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. ఏ ద్రవం ఎక్కిస్తారో తెలియదు. ఆ చోటు కాలిపోయి, మానేటప్పుడు ముడుచుకుపోయి, చిటికెన వేలు కూడా దూరని స్థితిలో వచ్చినవాళ్ళను చూశాను.

ఇక అయిదో ప్రశ్న. ఆ రక్తం మొలల రక్తమే అని ఎవరు చెప్పారు?

చాలా ఏళ్ళ క్రితం నేను ఇంకొక ఊళ్ళో, ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పటి మాట. ఒక పంతులమ్మగారు వచ్చారు. నలభై నాలుగేళ్ళు. గది ఖాళీ అయ్యేదాకా బల్ల మీద కూర్చొని, చివర లేచి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "మొలలండీ డాక్టరుగారూ, ఏదన్నా పూత మందు వ్రాయండి" అన్నారు. నర్సు ఆ రోజు సెలవు. ఆవిడ చూపించుకోరు, నేను అడిగితే సిగ్గుతో చచ్చిపోతారు అనుకొన్నాను. నిజం చెప్పాలంటే నాకూ మొహమాటమే అయింది. పూత మందు, ఇస్బ్‌గోల్ వ్రాసి పంపాను. ఆవిడ నమస్కారం పెట్టి మరీ వెళ్ళారు.

ఏడు నెలలకు తమ్ముడు వెంటబెట్టుకొని వచ్చాడు. మెట్లెక్కితే ఆయాసం. కనురెప్ప కిందికి లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. ఆడవాళ్ళకు 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 6 దగ్గర ఉంది. ఈసారి నర్సును పిలిచి, పక్కకు తిరిగి పడుకోబెట్టి, తొడుగు వేసుకొని వేలు పెట్టి చూశాను. అర నిమిషం పట్టలేదు. వేలి కొసకు గట్టిగా, గరుకుగా, కాలీఫ్లవరు ముక్కలాంటిది తగిలింది. మలాశయంలో కాన్సరు. ఏడు నెలల క్రితం కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. మలాశయపు కంతుల్లో వేలికి అందేవి తక్కువేమీ కావు.

ఆపరేషను పెద్ద ఆసుపత్రిలో జరిగింది. మలద్వారం తీసేసి, పొట్ట మీద దారి పెట్టి సంచి తగిలించారు. ఆవిడ బతికారు, మళ్ళీ బడికి వెళ్ళారు, ఉద్యోగ విరమణ కూడా చేశారు. ఒకసారి పెళ్ళిలో కనిపించినప్పుడు, "ఆ రోజే చూసి ఉంటే ఈ సంచి తప్పేదాండీ?" అని అడిగారు, కోపంగా కాదు, ఊరికే తెలుసుకొందామన్నట్లు. "తప్పేదేమోనమ్మా" అన్నాను. ఆ తరవాత ఇద్దరమూ భోజనాల వైపు నడిచాము.

అప్పటినుంచి నేను చూడకుండా మొలలకు మందు వ్రాయలేదు. గుడివాడలో చదువుకొన్న నా హోమియో మిత్రుడు కూడా ఈ మాటే అంటాడు: వాళ్ళకూ కళాశాలలో శరీరశాస్త్రం, శస్త్రవైద్యం చెబుతారు, చూడకుండా సీసా ఇవ్వమని ఎవరూ చెప్పరు. షాపులో పేరు చెప్పి కొనుక్కొన్న సీసాకు మాత్రం ఆ చదువు ఉండదు.

మందు వాడితే తగ్గింది గదా, మరి మొలలే అయి ఉంటుంది అంటారు. మోసం అక్కడే ఉంది. మొలల రక్తమైనా, కంతి రక్తమైనా రోజూ ఒకేలా పడదు. పది రోజులు పడి, పది రోజులు దానంతట అదే ఆగుతుంది. ఆగినప్పుడు చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరు వస్తుంది. హమామెలిస్ అయినా, నేను వ్రాసిన పూత మందు అయినా సరే.

ఏ రక్తాన్ని అనుమానించాలి? మలం పైన కాక మలంలో కలిసి వచ్చే రక్తం, ముదురు రంగు రక్తం, జిగురుతో కలిసినది. ఇన్నాళ్ళూ రోజుకు ఒకసారి వెళ్ళే మనిషికి ఇప్పుడు నాలుగుసార్లు కావడం, లేదా ఉన్నట్టుండి బిగిసిపోవడం. వెళ్ళి వచ్చినా ఇంకా ఉందనిపించి మళ్ళీ వెళితే ఏమీ రాకపోవడం. కారణం లేకుండా బరువు తగ్గడం, ఆయాసం, మొహం పాలిపోవడం. ఇంట్లో తల్లిదండ్రులకో అన్నదమ్ములకో పేగు కాన్సరు వచ్చి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చెయ్యకండి. ఏదీ లేకపోయినా, రక్తం పడిన ప్రతి మనిషినీ ఒక్కసారి డాక్టరు చూడవలసిందే. నలభై దాటలేదు గదా అని కూడా ధీమా వద్దు. ముప్ఫైల్లో ఉన్నవాళ్ళకూ ఈ జబ్బు మన ఆసుపత్రుల్లో చూస్తున్నాము. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే అది పై పేగులో, పొట్టలో రక్తం పోతున్న గుర్తు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఐరన్ మాత్రలు వాడేవాళ్ళకు మాత్రం మలం నల్లబడటం మామూలే. మూడు నాలుగేళ్ళ పిల్లవాడికి నొప్పి లేకుండా రక్తం పడితే మొలలని మందు పొయ్యకండి. తరచు అది కాడతో వేలాడే చిన్న పిలక. తీసేస్తే పోతుంది.

ఆసుపత్రిలో ఏమి చేస్తారో తెలియకే సగం భయం. అందుకని చెబుతున్నాను. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టకు ముడిచి పడుకోమంటారు. పైన దుప్పటి కప్పుతారు, ఆ చోటు మాత్రమే తెరుస్తారు. ఆడవాళ్ళయితే పక్కన నర్సు ఉండాలి. లేకపోతే పిలవమని అడగండి, అది మీ హక్కు. తొడుగుకు జిగురు మందు రాసి వేలితో చూస్తారు. తరవాత చిన్న గొట్టం, ప్రాక్టోస్కోపు అంటారు, పెట్టి లోపల చూస్తారు. ముక్కినట్లు అనిపిస్తుందేగాని నొప్పి ఉండదు. చీలిక ఉంటేనే నొప్పి. అలాంటప్పుడు మంచి డాక్టరు మొదటిరోజు బలవంతం చెయ్యరు. మొత్తం మీద బాలింత స్నానమంత సేపు కూడా పట్టదు. అవసరమనిపిస్తే పేగు పొడుగునా కెమేరాతో చూడమని కొలనోస్కోపీకి పంపుతారు. దానితోబాటు హిమోగ్లోబిన్ పరీక్ష.

అమ్మా, ఇప్పుడు మీ అత్తగారి సంగతి. 58 ఏళ్ళు, నెలల తరబడి రక్తం, మూడు సీసాలు. ఇది మొలలే కావచ్చు. అదే ఎక్కువగా ఉండేది కూడా. కాని ఎవరూ చూడలేదు. గుడివాడ ఆసుపత్రికి వెళ్ళండి, లేదా బందరు వెళ్ళండి. అక్కడ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, శస్త్రవైద్య విభాగం ఉంది. లేడీ డాక్టరు ఏ రోజు చూస్తారో ముందే కనుక్కొని ఆ రోజుకే తీసుకువెళ్ళండి. చావడం నయం అన్న మాటకు మీరు ఎదురు చెప్పకండి. కోడలు చెబితే పంతం పెరుగుతుంది. వారి ఆడబిడ్డో, వియ్యపురాలో, ఇదివరకు చూపించుకొన్న ఇంకో పెద్దావిడో ఎవరైనా ఉంటే వారిచేత చెప్పించండి. ఈ కాగితం చదివి వినిపించినా సరే.

గదిలోకి వెళ్ళగానే "మొలలండీ" అని చెప్పవద్దనండి. ఆ మాట వింటే నాలాంటివాడు పూత మందు వ్రాసి పంపించేస్తాడు. "రక్తం పడుతోంది, సంక్రాంతి నుంచి, ఎందుకో చూడండి" అని చెప్పమనండి.

హమామెలిస్ సీసా కూడా సంచిలో వేసుకొని వెళ్ళండి. ఏమేమి వాడారని అడుగుతారు.